రీడ్-ఓన్లీ మౌంట్ మీద స్టేటస్ కమాండ్‌లు: గిట్ నత్తనడక, ఎస్‌వీఎన్ మొరాయింపు

రాత్రిడ్యూటీ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా బిల్డ్ సర్వర్‌లో డెవలపర్ల హోమ్ డైరెక్టరీలన్నీ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మీద ఉన్నాయి. రోజూ రాత్రి ఒక రీడ్-ఓన్లీ స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్నదున్నట్టు తీసిన, చదవడానికే తప్ప రాయడానికి వీల్లేని నకలు) తీసి, దాన్నుంచి స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే కంప్రెస్ చేసిన ఇమేజ్ తయారుచేసి దాచిపెడతాం. ఇప్పుడు మేనేజర్‌గారు కొత్త పని పెట్టారు. ఆ ఇమేజ్‌ని మౌంట్ చేసి, లోపలున్న ఒక్కో కోడ్ రిపాజిటరీలో కమిట్ చేయకుండా (చరిత్రలో నమోదు చేయకుండా) వదిలేసిన మార్పులు ఏమున్నాయో పొద్దున్నకల్లా రిపోర్ట్ రావాలట. ఎవరైనా ఉద్యోగం మానేసి వెళ్లిపోయాక "ఆ కోడ్ ఆయన ఫోల్డర్‌లోనే ఉండిపోయింది" అనే గోల మళ్లీ రాకూడదని.

స్క్రిప్ట్ రాశాను. లైవ్ సర్వర్‌లో చిటికెలో అయిపోయే గిట్ స్టేటస్ (కోడ్ వెర్షన్లు దాచే గిట్ టూల్‌లో, ఏం మారిందో చెప్పే కమాండ్), ఇమేజ్ మీద మాత్రం పెద్ద రిపాజిటరీల దగ్గర నిమిషాలు తీసుకుంటోంది. రెండోసారి నడిపినా అంతే. పైగా "మార్పులున్నాయా లేదా" అని త్వరగా తేల్చుకోవడానికి డిఫ్-ఇండెక్స్ కమాండ్‌ని --క్వయట్‌తో వాడితే, అసలేమీ మారని రిపాజిటరీలు కూడా మారినట్టే చెబుతోంది.

ఎస్‌వీఎన్ అనే ఇంకో వెర్షన్ టూల్ వర్కింగ్ కాపీలు (పని చేసుకునే ఫోల్డర్లు) కొన్ని ఉన్నాయి. ఒకటి "ముందు అప్‌గ్రేడ్ చెయ్యి" అంటుంది. ఇంకోటి డేటాబేస్ తెరవలేనంటుంది. మిగతావి బాగానే చెబుతున్నాయి. ఫాసిల్ అనే మరో వెర్షన్ టూల్‌లో ఒక ప్రాజెక్ట్ ఉంది, దాని జోలికి ఇంకా పోలేదు.

నా ప్రశ్న ఒక్కటే. నేను అడిగేది "ఏం మారింది" అని. దానికి ఈ టూల్స్ డిస్క్ మీద ఎందుకు రాయాలి? ఏమీ రాయకుండా చూసి చెప్పు అనే ఆప్షన్ ఉందా?

లాక్‌ఫైల్ | సోమవారం, రాత్రి 10:15

గిట్ వరకు చెబుతాను. స్టేటస్ అసలు పని చదవడమే. .గిట్ లోపల ఇండెక్స్ అని ఒక ఫైల్ ఉంటుంది. ప్రతి ఫైల్‌కీ చివరిసారి చూసినప్పటి సైజు, మార్పు సమయం, ఐనోడ్ నంబర్ (ఫైల్‌సిస్టమ్ ఫైల్‌కి ఇచ్చే నంబర్) లాంటి వివరాలు అందులో రాసి ఉంటాయి. స్టేటస్ కొట్టగానే గిట్ ఒక్కో ఫైల్ మీద ఎల్‌స్టాట్ (ఫైల్ వివరాలు అడిగే) కాల్ చేసి, ఆ వివరాలతో పోల్చుతుంది. అన్నీ సరిపోతే ఫైల్ తెరవనే తెరవదు. ఏదైనా తేడా వస్తే ఫైల్ మొత్తం చదివి హాష్ (కంటెంట్ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) కట్టి చూస్తుంది. హాష్ అదే వస్తే "ఓహో, కంటెంట్ మారలేదు, వివరాలే మారాయి" అని ఇండెక్స్‌లో కొత్త వివరాలు రాసుకుంటుంది, మళ్లీసారి ఈ శ్రమ లేకుండా.

ఆ రాసుకోవడం కోసమే ఇండెక్స్.లాక్ అనే ఫైల్ సృష్టించి, అందులో కొత్త ఇండెక్స్ రాసి, పేరు మార్చి పాతదాని స్థానంలో పెడుతుంది. రీడ్-ఓన్లీ మౌంట్ మీద లాక్ ఫైలే పుట్టదు. కెర్నెల్ ఈఆర్‌ఓఎఫ్‌ఎస్ (ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ) అనే ఎర్రర్ ఇస్తుంది. గిట్ దాన్ని పట్టించుకోకుండా, తెలుసుకున్నది మీకు చెప్పేసి ఊరుకుంటుంది. కాబట్టి మీకు ఎర్రర్ రాలేదు. కానీ పడ్డ శ్రమంతా ఎక్కడా దాచుకోలేదు కదా, రెండోసారీ మొదటినుంచే.

మీరడిగిన ఆప్షన్ పేరు --నో-ఆప్షనల్-లాక్స్. గిట్ అన్న మాట తర్వాత, స్టేటస్ అన్న మాటకి ముందు పెట్టాలి. లేదా గిట్_ఆప్షనల్_లాక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 0 చేయాలి. 2017లో వచ్చింది. అయితే మీ మౌంట్ మీద దీనివల్ల వేగం పెరగదు. రాయడానికి ప్రయత్నించడం మానేస్తుంది, అంతే.

పాతకాపు | సోమవారం, రాత్రి 10:52

ఇది ఎప్పటినుంచో ఉన్న పేచీయే బాబూ. సీవీఎస్ అనే పాత వెర్షన్ టూల్ రోజుల్లో రిపాజిటరీని సీడీలో పెట్టి పంపేవాళ్లు. సీవీఎస్ ఏమో చదవడానికి కూడా రిపాజిటరీలో లాక్ పెట్టేది. సీడీ మీద లాక్ ఎలా పెడుతుంది? అందుకే -ఆర్ ఆప్షన్, సీవీఎస్‌రీడ్‌ఓన్లీఎఫ్‌ఎస్ అనే వేరియబుల్ తెచ్చారు. మాన్యువల్‌లో సీడీరామ్ రిపాజిటరీ అని ఉదాహరణ కూడా ఉంటుంది.

గిట్‌లోనూ మొదట్లో స్టేటస్ అంటే కమిట్ --డ్రై-రన్ (నిజంగా కమిట్ చేయకుండా, చేస్తే ఏమవుతుందో చూపేది) తప్ప వేరే కాదు. కమిట్ చేసేవాడికి ఇండెక్స్ రాసే హక్కు ఉండాలి కదా, అందుకని స్టేటస్ కూడా లాక్ దొరక్కపోతే చచ్చి ఊరుకునేది. 2010లో వచ్చిన 1.7.0తో స్టేటస్‌ని కమిట్ నుంచి వేరు చేశారు. ఆ రోజుల్లోనే ఇండెక్స్ రాయలేకపోయినా ఫర్వాలేదు, యూజర్ అడిగింది స్టేటస్, రాసుకోవడం మన సౌకర్యం అని తేల్చేశారు. ఈ తేడా తేలకముందు పక్కవాడి ఫోల్డర్‌లోకి వెళ్లి స్టేటస్ చూడాలన్నా కుదిరేది కాదు.

రాత్రిడ్యూటీ | సోమవారం, రాత్రి 11:05

థాంక్సండీ ఇద్దరికీ. లాక్‌ఫైల్ గారూ, ఒకటి అర్థం కాలేదు. ఇమేజ్‌లో ఉన్నది అచ్చంగా అవే ఫైళ్లు. సైజు అదే, టైమ్ అదే. మరి ఇండెక్స్‌తో ఎందుకు సరిపోవట్లేదు? ఒక్క ఫైల్ కూడా సరిపోవట్లేదన్నట్టే ఉంది దాని వాలకం.

ఐనోడ్_అక్క | మంగళవారం, ఉదయం 7:20

సరిపోనిది ఐనోడ్ నంబర్. స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్ తయారుచేసేటప్పుడు ఎంకేస్క్వాష్‌ఎఫ్‌ఎస్ ప్రతి ఫైల్‌కీ కొత్త నంబర్ వేస్తుంది. పాత నంబర్లు ఇమేజ్‌లోకి రావు. సీటైమ్ (ఫైల్ వివరాలు చివరిసారి మారిన సమయం) కూడా అందులో విడిగా ఉండదు, మార్పు సమయాన్నే దానిగా చూపిస్తుంది. గిట్ మామూలు సెట్టింగ్‌లో ఈ రెండూ పోల్చుతుంది కాబట్టి ప్రతి ఫైల్ మీదా అనుమానం, ప్రతి ఫైల్‌కీ హాష్. కంప్రెస్ చేసిన ఇమేజ్ కాబట్టి విప్పుకోవడం అదనం.

డిఫ్-ఇండెక్స్ ఎందుకు అబద్ధం చెబుతోందో కూడా ఇక్కడే ఉంది. స్టేటస్ ముందు తన మెమరీలో ఇండెక్స్‌ని తాజా చేసుకుని, ఆ తర్వాత పోల్చుతుంది. డిఫ్-ఇండెక్స్ కింది స్థాయి కమాండ్, ఆ తాజా చేసుకోవడం నీ పని అంటుంది. వివరాలు సరిపోకపోతే కంటెంట్ చూడకుండానే మారిందని చెప్పేస్తుంది. దానికి ముందు అప్‌డేట్-ఇండెక్స్ --రిఫ్రెష్ నడపమంటారు. అది రాయడానికే పుట్టిన కమాండ్, రీడ్-ఓన్లీ మీద అది ఎర్రర్ ఇచ్చి ఆగాల్సిందే. కాబట్టి మీ స్క్రిప్ట్‌లో డిఫ్-ఇండెక్స్ తీసేసి స్టేటస్ --పోర్సెలిన్ (స్క్రిప్ట్‌లు చదువుకునే రూపంలో జవాబు ఇచ్చేది) పెట్టుకోండి.

లినక్స్ కెర్నెల్ సోర్స్‌లో సెట్‌లోకల్‌వెర్షన్ అనే చిన్న స్క్రిప్ట్ ఉంటుంది, వెర్షన్ చివర "డర్టీ" (కమిట్ చేయని మార్పులున్నాయి) అని తగిలించాలా వద్దా అని తేల్చేది. సోర్స్ ట్రీ రీడ్-ఓన్లీ కావచ్చు, ఇక్కడ ఏమీ రాయకూడదు అని అందులో కామెంట్ రాసి మరీ, నో-ఆప్షనల్-లాక్స్ పెట్టి స్టేటస్ నడుపుతారు. పాత గిట్ అయితేనే డిఫ్-ఇండెక్స్‌కి దిగుతారు.

ఇక వేగం సంగతి. కోర్.చెక్‌స్టాట్ విలువని మినిమల్ అని, కోర్.ట్రస్ట్‌సీటైమ్‌ని ఫాల్స్ అని -సీ ఆప్షన్‌తో అప్పటికప్పుడు ఇవ్వొచ్చు. అప్పుడు గిట్ సెకన్ల వరకు మార్పు సమయం, సైజు మాత్రమే చూస్తుంది. ఐనోడ్, ఓనర్ వివరాలు వదిలేస్తుంది. స్క్వాష్‌ఎఫ్‌ఎస్ మార్పు సమయాన్ని సెకన్ల వరకు అలాగే ఉంచుతుంది కాబట్టి సరిపోతుంది.

చిన్నడేటాబేస్ | మంగళవారం, ఉదయం 9:02

ఆడిట్ రిపోర్ట్ అంటున్నారు, మళ్లీ చెకింగ్ తగ్గించమంటున్నారు. ఇదెక్కడి న్యాయం? సైజు మారకుండా ఒక్క అంకె మార్చి, టచ్ కమాండ్‌తో పాత టైమ్ పెట్టేస్తే మినిమల్‌లో దొరకదు. నన్నడిగితే ఆడిట్ నెమ్మదిగా నడవడమే మంచిది. రాత్రంతా టైమ్ ఉంది కదా.

ఐనోడ్_అక్క | మంగళవారం, ఉదయం 9:30

మోసం పట్టుకునే ఆడిట్ అయితే మీ మాటే నిజం. ఇక్కడ వెతికేది మర్చిపోయిన పని. టచ్‌తో టైమ్ వెనక్కి తిప్పి తన పనిని తానే దాచుకునేవాళ్లు ఆ లిస్టులో ఉండరు. అయినా అంత దూరం పోనక్కర్లేదు, దీనికి ఇంకా తేలిక దారి ఉంది. రాత్రిడ్యూటీ గారూ, స్క్రిప్ట్‌ని ఇమేజ్ మీద ఎందుకు నడుపుతున్నారు? ఇమేజ్ చేయకముందు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్ చేతిలో ఉంటుంది కదా, దాని మీదే నడపండి.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్‌లో ఐనోడ్ నంబర్లు అసలు సబ్‌వాల్యూమ్‌లో ఉన్నవే ఉంటాయి. సీటైమ్ కూడా అదే. మారేది డివైస్ నంబర్ ఒక్కటే, గిట్‌ని ప్రత్యేకంగా ఆ ఆప్షన్ పెట్టి కంపైల్ చేస్తే తప్ప డివైస్ నంబర్ చూడదు. అంటే మినిమల్ అవసరం లేకుండానే, మామూలు చెకింగ్‌తోనే లైవ్‌లో ఉన్న వేగం వస్తుంది.

మూడోపొర | మంగళవారం, ఉదయం 10:11

ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కాదు. ఓవర్లేఎఫ్‌ఎస్ (రెండు ఫోల్డర్లని ఒకదాని మీద ఒకటి పరిచి ఒక్కటిగా చూపేది) వేసుకోండి. కింద రీడ్-ఓన్లీ ఇమేజ్, పైన టీఎంపీఎఫ్‌ఎస్‌లో (ర్యామ్‌లో ఉండే ఫైల్‌సిస్టమ్) రాతలు పడే అప్పర్‌డైర్, దాని పనికి వర్క్‌డైర్. రెండూ ఒకే ఫైల్‌సిస్టమ్ మీద ఉంటే చాలు. అప్పుడు గిట్, ఎస్‌వీఎన్, ఫాసిల్, ఏదైనా సరే ఇష్టం వచ్చినట్టు రాసుకోనివ్వండి. పని అయ్యాక అన్‌మౌంట్ చేస్తే రాసిందంతా గాల్లో కలిసిపోతుంది. అసలు ఇమేజ్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ప్రతి టూల్‌కీ ఒక్కో ఆప్షన్ వెతుక్కునే బాధ తప్పుతుంది.

లాక్‌ఫైల్ | మంగళవారం, ఉదయం 10:40

ఓవర్లే మంచిదే, ఎస్‌వీఎన్‌కి బహుశా అదే దిక్కు. కానీ ఓవర్లే మౌంట్ చేయాలంటే రూట్ హక్కులో, యూజర్ నేమ్‌స్పేసో కావాలి. కంటైనర్‌లో సోర్స్‌ని రీడ్-ఓన్లీగా తగిలించుకుని బిల్డ్ చేసేవాళ్లకి అది ప్రతిచోటా దొరకదు. టూల్ చదవడం, రాయడం విడదీసి ఉంటే ఈ తంటా ఎవరికీ ఉండదని నా వాదన.

గిట్‌కి ఓవర్లే లేకుండా ఇంకో దారి ఉంది. ఇండెక్స్ ఒక్కటే రాయగలిగే చోటికి కాపీ చేసి, గిట్_ఇండెక్స్_ఫైల్ వేరియబుల్‌ని ఆ కాపీకి చూపించండి. లాక్ ఫైల్ కూడా ఆ కాపీ పక్కనే పుడుతుంది. మొదటి స్టేటస్ కష్టపడి హాష్‌లు కడుతుంది, ఫలితం కాపీలో రాసుకుంటుంది. ఆ తర్వాత అదే స్క్రిప్ట్‌లో డిస్క్రైబ్ --డర్టీ, డిఫ్ ఏవి నడిపినా చిటికెలో అయిపోతాయి. ఒకే ఇమేజ్ మీద నాలుగైదు కమాండ్‌లు నడిపేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. రేపటి ఇమేజ్‌కి మాత్రం పాత కాపీ పనికిరాదు, ఐనోడ్ నంబర్లు అవే ఉంటాయన్న గ్యారంటీ లేదు కాబట్టి.

కాపీ చేసేటప్పుడు సీపీకి -పీ తప్పకుండా పెట్టండి. ఎందుకంటే ఇండెక్స్ ఫైల్ సమయానికి గిట్ ఒక అర్థం ఇస్తుంది. ఒక ఫైల్ మారిన సమయం ఇండెక్స్ రాసిన సమయంతో సమానంగానో, దానికంటే తర్వాతో ఉంటే, ఇండెక్స్ రాసిన అదే క్షణంలో ఎవరో మార్చి ఉండొచ్చని అనుమానించి కంటెంట్ కూడా చూస్తుంది. -పీ లేకుండా కాపీ చేస్తే ఇండెక్స్‌కి ఇవాళ్టి సమయం పడుతుంది. ఆ అనుమానం అక్కడితో పోతుంది. అరుదుగానే అయినా, నిజంగా మారిన ఫైల్ మారనట్టు కనబడే అవకాశం ఉంది.

కంటైనర్_కిట్టు | మంగళవారం, మధ్యాహ్నం 1:25

రాత్రిడ్యూటీ అన్నా, స్క్రిప్ట్ ఏ యూజర్‌గా నడుపుతున్నావ్? "డ్యూబియస్ ఓనర్‌షిప్" అని ఎర్రర్ రాలేదా? మాకు కంటైనర్‌లో గో భాష ప్రోగ్రామ్ బిల్డ్ చేస్తుంటే "వీసీఎస్ (వెర్షన్ టూల్) స్టేటస్ తెలియలేదు, ఎగ్జిట్ స్టేటస్ 128" అని వచ్చి రోజంతా తల పట్టుకున్నాం. గో 1.18 నుంచి బిల్డ్ చేసేటప్పుడు బైనరీలో కమిట్ వివరాలు ముద్రిస్తుంది, దానికోసం లోపల గిట్ స్టేటస్ నడుపుతుంది. మేం రీడ్-ఓన్లీ మౌంట్ వల్ల అనుకున్నాం. చూస్తే అసలు సంగతి ఓనర్ వేరు కావడం. మావాళ్లు బిల్డ్‌వీసీఎస్‌ని ఫాల్స్ చేసి చేతులు దులిపేసుకున్నారు.

రాత్రిడ్యూటీ | మంగళవారం, మధ్యాహ్నం 1:48

వచ్చింది కిట్టూ. స్క్రిప్ట్ రూట్‌గా నడుస్తుంది, ఫోల్డర్లు డెవలపర్ల పేరు మీద ఉన్నాయి. సేఫ్.డైరెక్టరీలో స్టార్ (ఓనర్ ఎవరైనా సరే అన్ని ఫోల్డర్లనీ నమ్ము అని) పెట్టేశాను, పోయింది. మౌంట్ ఎలాగూ రీడ్-ఓన్లీ కాబట్టి భయం లేదని.

లాక్‌ఫైల్ | మంగళవారం, మధ్యాహ్నం 2:03

ఆగండాగండి. ఆ స్టార్ వెంటనే తీసేయండి.

2022 ఏప్రిల్‌లో గిట్ 2.35.2తో ఆ ఓనర్ చెకింగ్ పెట్టడానికి కారణమే ఇది. రిపాజిటరీ లోపలి కాన్ఫిగ్ ఫైల్‌లో కోర్.ఎఫ్‌ఎస్‌మానిటర్ అనే చోట ఒక ప్రోగ్రామ్ పేరు రాసిపెట్టొచ్చు. గిట్ స్టేటస్ నడిచిందంటే ఆ ప్రోగ్రామ్ నడుస్తుంది. నడిపింది రూట్ అయితే రూట్‌గా నడుస్తుంది. అంటే మీ సర్వర్‌లో ఏ డెవలపరైనా తన ఫోల్డర్‌లో ఒక లైన్ రాసిపెట్టుకుంటే, రాత్రికి మీ ఆడిట్ స్క్రిప్టే అతని ప్రోగ్రామ్‌ని రూట్‌గా నడిపి పెడుతుంది. మౌంట్ రీడ్-ఓన్లీ అయినంత మాత్రాన ఆ ప్రోగ్రామ్ వేరే చోట రాయకుండా ఎవరాపుతారు?

ఎఫ్‌ఎస్‌మానిటర్ ఒక్కటీ -సీతో ఆపినా ఫిల్టర్లు ఉండనే ఉన్నాయి. ఫైల్‌ని గిట్ లోపలికి తీసుకునేముందు మార్చే క్లీన్ ఫిల్టర్ అంటే కూడా ఒక ప్రోగ్రామే. అందుకని ఏ రిపాజిటరీ ఓనర్ ఎవరో చూసి, రన్‌యూజర్‌తో అతని పేరు మీదే స్టేటస్ నడపండి. ఓనర్ ఎర్రర్ దానంతటదే పోతుంది, స్టార్‌తో పనే ఉండదు.

పాతకాపు | మంగళవారం, మధ్యాహ్నం 2:30

రీడ్-ఓన్లీ అనగానే అందరూ నిశ్చింతగా ఉంటారు. చదవడంలో కూడా ప్రోగ్రామ్‌లు నడుస్తాయని గుర్తుండదు.

ఐనోడ్_అక్క | మంగళవారం, సాయంత్రం 4:15

ఫిల్టర్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మీ రిపాజిటరీల్లో గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ (పెద్ద ఫైళ్లని విడిగా దాచే అనుబంధం) వాడేవి ఉంటే, వివరాలు సరిపోని ప్రతి పెద్ద ఫైల్‌కీ స్టేటస్ ఆ ఎల్‌ఎఫ్‌ఎస్ క్లీన్ ఫిల్టర్‌ని పిలుస్తుంది. అది .గిట్ కిందున్న ఎల్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైల్ రాసుకుంటుంది. రీడ్-ఓన్లీ మీద ఎక్కడ రాస్తుంది? గిట్ తన ఇండెక్స్ రాయలేకపోతే ఊరుకుంటుంది గానీ, తప్పనిసరి అని గుర్తుపెట్టిన ఫిల్టర్ ఫెయిలైతే ఊరుకోదు. ఎల్‌ఎఫ్‌ఎస్.స్టోరేజ్ అనే సెట్టింగ్‌ని రాయగలిగే చోటికి మళ్లించండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్ మీద నడిపితే వివరాలు సరిపోతాయి కాబట్టి, మారని ఫైళ్లకి ఫిల్టర్ పిలవాల్సిన పనే రాదు. నిజంగా మారినవాటికి మాత్రం తప్పదు.

ఇంకో ఉచ్చు లింక్డ్ వర్క్‌ట్రీలది (ఒకే రిపాజిటరీకి తగిలించిన అదనపు పని ఫోల్డర్లు). మీవాళ్లు గిట్ వర్క్‌ట్రీ యాడ్ వాడుతుంటే, ఆ ఫోల్డర్‌లో .గిట్ అనేది ఫోల్డర్ కాదు, చిన్న టెక్స్ట్ ఫైల్. అందులో అసలు రిపాజిటరీకి పూర్తి పాత్ రాసి ఉంటుంది, /హోమ్‌తో మొదలయ్యేది. మీరు స్నాప్‌షాట్‌ని వేరే చోట మౌంట్ చేసి ఆ వర్క్‌ట్రీలో స్టేటస్ కొడితే, ఫైళ్లు స్నాప్‌షాట్‌వి చూస్తుంది, ఇండెక్స్ మాత్రం లైవ్ /హోమ్‌లోది తెరుస్తుంది! రిపోర్ట్ తప్పుల తడక అవడం ఒకటి. లైవ్ ఇండెక్స్‌ని స్నాప్‌షాట్ వివరాలతో తిరగరాయడం ఇంకోటి. రీడ్-ఓన్లీ మౌంట్ ఇక్కడ అడ్డుపడదు, ఎందుకంటే రాసే చోటు దానిలో లేదు. మీ కేసులో --నో-ఆప్షనల్-లాక్స్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. ఇంకా మంచిది, అన్‌షేర్ -ఎమ్‌తో విడి మౌంట్ నేమ్‌స్పేస్ (అందులో నడిచే ప్రోగ్రామ్‌లకి మాత్రమే కనబడే మౌంట్‌లు) తెరిచి, అందులో స్నాప్‌షాట్‌ని /హోమ్ మీదే బైండ్ చేయడం. అప్పుడు పాత్‌లన్నీ స్నాప్‌షాట్‌లోకే పోతాయి. సబ్‌మాడ్యూల్స్‌కి (రిపాజిటరీ లోపల పెట్టుకున్న వేరే రిపాజిటరీలకి) ఈ గొడవ లేదు, వాటి .గిట్ ఫైల్‌లో రిలేటివ్ పాత్ ఉంటుంది.

చిన్నడేటాబేస్ | మంగళవారం, రాత్రి 8:45

ఎస్‌వీఎన్ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెబుతా.

అప్‌గ్రేడ్ అడిగేది పాత వర్కింగ్ కాపీ, బహుశా 1.6 లేదా అంతకుముందుది. అప్పట్లో ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక .ఎస్‌వీఎన్ ఉండేది. 2011లో వచ్చిన 1.7 నుంచి మొత్తానికీ పైన ఒక్కటే, అందులో డబ్ల్యూసీ.డీబీ అనే ఎస్‌క్యూలైట్ డేటాబేస్. కొత్త క్లయింట్ పాత కాపీని చదవను గాక చదవను అంటుంది, అప్‌గ్రేడ్ అంటే రాయడమే. మూడోపొర గారి ఓవర్లే వేసి, దాని మీద ఎస్‌వీఎన్ అప్‌గ్రేడ్ నడిపి, ఆ తర్వాత స్టేటస్ చూసుకోండి. అసలుది చెక్కుచెదరదు.

డేటాబేస్ తెరవలేనన్నది ఇంకా ఆసక్తికరం. .ఎస్‌వీఎన్ ఫోల్డర్‌లో డబ్ల్యూసీ.డీబీ పక్కన అదే పేరుకి జర్నల్ అని తోక తగిలిన, ఖాళీ కాని ఫైల్ ఉందేమో చూడండి. ఉందంటే, బహుశా స్నాప్‌షాట్ తీసిన క్షణంలో ఎవరో ఎస్‌వీఎన్ అప్‌డేట్ నడుపుతున్నారన్నమాట. ఎస్‌క్యూలైట్‌లో రాయమని అడిగినా ఫైల్‌కి రాసే వీలు లేకపోతే చదవడానికి మాత్రం తెరుస్తుంది, అందుకే మీ మిగతా కాపీలు పనిచేశాయి. కానీ సగంలో ఆగిన లావాదేవీ తాలూకు జర్నల్ కనబడితే ముందు దాన్ని వెనక్కి తిప్పాలి, తిప్పాలంటే రాయాలి. రాసే వీలు లేదు కాబట్టి తెరవనంటుంది. దీనికి రీడ్‌ఓన్లీ_రోల్‌బ్యాక్ అని ప్రత్యేకంగా ఒక ఎర్రర్ కోడే ఉంది.

ఇంటర్నెట్‌లో రెండు చిట్కాలు దొరుకుతాయి, రెండూ వద్దు. ఒకటి, ఓవర్లేలో ఆ జర్నల్ ఫైల్ తీసేయడం. రెండోది, ఇమ్యూటబుల్=1 (ఈ ఫైల్ మారదు) అని పెట్టి ఎస్‌క్యూలైట్ టూల్‌తో తెరవడం. రెండిట్లోనూ జర్నల్‌ని చూడనట్టు నటించి సగం మారిన డేటాబేస్ చదువుతారు. ఓవర్లే మీద జర్నల్‌తో సహా అలాగే ఉంచి ఎస్‌వీఎన్ నడిపితే ఎస్‌క్యూలైట్ తనే వెనక్కి తిప్పుకుంటుంది. మీది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్ కాబట్టి డేటాబేస్, జర్నల్ రెండూ ఒకే క్షణంవి. ఆర్‌సింక్‌తో కాపీ చేసినదైతే ఆ నమ్మకం ఉండదు. ఆ తర్వాత క్లీనప్ చెయ్యమని అడిగితే అదీ ఓవర్లేలోనే చేయండి.

రాత్రిడ్యూటీ | మంగళవారం, రాత్రి 9:20

జర్నల్ ఉందండీ! అచ్చం మీరు చెప్పినట్టే. స్నాప్‌షాట్ టైమ్‌కి ఆ టీమ్ ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తుందట.

మూడోపొర | మంగళవారం, రాత్రి 9:31

చెప్పానా, చివరికి అందరూ ఓవర్లే దగ్గరికే వస్తారు :)

చిన్నడేటాబేస్ | మంగళవారం, రాత్రి 9:50

ఎస్‌వీఎన్‌కి వచ్చాం సరే. ఫాసిల్‌కి కూడా అదే అవుతుంది, దానికీ ఎస్‌క్యూలైటే. రిపాజిటరీ ఒక ఫైల్, చెక్అవుట్ వివరాలు ఇంకో చిన్న డేటాబేస్. గిట్‌లో ఇండెక్స్ చేసే పని అక్కడ వీఫైల్ అనే టేబుల్ చేస్తుంది. ఫైళ్లు మారాయా అని చూసి, కనుక్కున్నది ఆ టేబుల్‌లోనే రాసుకుని, ఆ తర్వాత ఆ టేబుల్ చదివి జవాబు చెప్పే పద్ధతి. చూడండి, ఇక్కడ రాయడం అనేది దాచుకోవడం కోసం మాత్రమే కాదు, జవాబు వచ్చే దారే అది. అందుకే "రాయలేకపోతే వదిలెయ్" అని ఒక్క లైన్ చేర్చినంత తేలిక కాదు. అలాంటి డిజైన్‌లో తాత్కాలిక టేబుల్‌లోకి కాపీ చేసుకుని అక్కడ మార్చుకుంటే పద్ధతిగా ఉంటుంది. తాత్కాలిక టేబుల్స్ అసలు డేటాబేస్ ఫైల్‌లో రాయబడవు, మెమరీలో పెట్టుకోవచ్చు.

డబ్ల్యూఏఎల్ పద్ధతిలో (మార్పుల్ని ముందు పక్క ఫైల్‌లో రాసేది) ఉన్న డేటాబేస్ అయితే ఇంకో మెలిక. దానికి చదవాలన్నా పక్కన ఎస్‌హెచ్‌ఎమ్ ఫైల్ కావాలి. 2018లో వచ్చిన ఎస్‌క్యూలైట్ 3.22.0కి ముందు రీడ్-ఓన్లీ మీద అది తెరుచుకునేదే కాదు. ఇప్పుడైనా ఆ పక్క ఫైళ్లు ముందే ఉండాలి, లేదా సృష్టించే వీలుండాలి, లేదా ఇమ్యూటబుల్ అనాలి.

పాతకాపు | బుధవారం, ఉదయం 8:10

మెర్క్యూరియల్ (హెచ్‌జీ) అనే వెర్షన్ టూల్ వాళ్లు ఈ విషయంలో ముచ్చటగా చేశారు. హెచ్‌జీ స్టేటస్ కూడా డిర్‌స్టేట్ అనే ఫైల్‌ని సరిచేసుకోవాలనుకుంటుంది. కానీ లాక్ కోసం క్షణం కూడా ఎదురుచూడదు. దొరికితే సరే, లేకపోతే మానేస్తుంది. దొరికినా, తను చదివిన తర్వాత ఈలోపు ఇంకెవరైనా డిర్‌స్టేట్ మార్చారా అని చూసి, మారి ఉంటే తన పాత సమాచారం దాని మీద రుద్దకుండా తప్పుకుంటుంది.

గిట్ పనులు చేసిపెట్టే లైబ్రరీ లిబ్‌గిట్2 ఇంకో అడుగు ముందుకేసింది. స్టేటస్ అడిగితే ఇండెక్స్ రాయదు. రాయమంటే అప్‌డేట్_ఇండెక్స్ ఫ్లాగ్ మనమే ఇవ్వాలి. లైబ్రరీకి అది సరైన మర్యాద అనిపిస్తుంది నాకు.

కంటైనర్_కిట్టు | బుధవారం, ఉదయం 9:15

మరి ఇలా నోరు మూసుకుని వదిలేయడం మంచిదేనా పాతకాపు గారూ? "రాసుకోలేకపోయాను, అందుకే మళ్లీ స్లోగా ఉంటుంది" అని ఒక్క ముక్క గిట్ చెప్పి ఉంటే ఈ థ్రెడ్డే ఉండేది కాదు కదా.

పాతకాపు | బుధవారం, ఉదయం 9:40

ప్రతి స్టేటస్‌కీ వార్నింగ్ వస్తే ఎవరు చదువుతారు నాయనా? పైగా స్టేటస్ అవుట్‌పుట్‌ని స్క్రిప్ట్‌లు మింగుతుంటాయి.

లాక్‌ఫైల్ | బుధవారం, ఉదయం 10:05

ఎర్రర్‌ని బట్టి ఉండాలి. ఈఆర్‌ఓఎఫ్‌ఎస్ అంటే మొత్తం ఫైల్‌సిస్టమే రీడ్-ఓన్లీ, ఎవరో కావాలని పెట్టారు, నోరు మూసుకోవడమే మర్యాద. ఈఎగ్జిస్ట్ అంటే ఇంకో గిట్ పనిలో ఉంది, దానికీ మౌనమే. ఈఏసీసీఈఎస్ మాత్రం వేరు. నీ రిపాజిటరీలో నీకే రాసే హక్కు లేదంటే, ఎప్పుడో సుడోతో గిట్ నడిపి .గిట్ లోపల రూట్ ఓనర్‌షిప్ వదిలేసి ఉంటావు. అది చెబితే పనికొచ్చే సమాచారం. మూడింటినీ ఒకే గాటన కట్టడం నాకూ నచ్చదు. సొంతంగా ఇలాంటి టూల్ రాసేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, లాక్ ఫెయిలైనప్పుడు ఎర్రర్ నంబర్ పారేసుకోకండి. వెర్బోస్ ఆప్షన్‌లోనైనా చూపించండి.

రాత్రిడ్యూటీ | గురువారం, రాత్రి 11:30

ఇప్పటికి ఇలా పెట్టాను. స్క్వాష్‌ఎఫ్‌ఎస్ చేయకముందే, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్‌ని విడి నేమ్‌స్పేస్‌లో /హోమ్ మీద బైండ్ చేసి అక్కడే స్క్రిప్ట్ నడుపుతున్నా. రన్‌యూజర్‌తో ఓనర్ పేరు మీద, --నో-ఆప్షనల్-లాక్స్‌తో స్టేటస్ --పోర్సెలిన్. సేఫ్.డైరెక్టరీ స్టార్ తీసేశా. వేగం లైవ్‌లో ఉన్నట్టే ఉంది. ఎస్‌వీఎన్, ఫాసిల్ ఫోల్డర్లకి మాత్రం ఓవర్లే. వర్క్‌ట్రీలు ఇద్దరు డెవలపర్లు వాడుతున్నారట, అక్క చెప్పకపోతే వాళ్ల లైవ్ ఇండెక్స్‌లతో రోజూ రాత్రి ఆడుకునేవాణ్ణి.

ఒక టీమ్ జుజుత్సు అనే వెర్షన్ టూల్‌కి మారుతోందట, జేజే అంటున్నారు. దానికీ ఇదే నడుస్తుందా?

లాక్‌ఫైల్ | శుక్రవారం, ఉదయం 7:55

జేజే దగ్గర తలకిందులు. అక్కడ కమిట్ చేయని మార్పులు అనే స్థితే లేదు. జేజే స్టేటస్ కొట్టగానే వర్కింగ్ కాపీ మొత్తాన్ని ఒక కమిట్‌గా రికార్డ్ చేసి, దాన్ని చూపిస్తుంది. అంటే రాయడమే మొదటి పని. --ఇగ్నోర్-వర్కింగ్-కాపీ అని ఒక ఆప్షన్ ఉంది, అది పెడితే ఫోల్డర్‌లోని ఫైళ్లని చూడకుండా చివరిసారి రికార్డ్ అయినదాన్ని చూపిస్తుంది. ఆ తర్వాత ఎడిట్ చేసినవి అందులో కనబడవు. మీ మేనేజర్‌గారికి కావాల్సింది సరిగ్గా అవే కాబట్టి, ఆ టీమ్ ఫోల్డర్లకి కూడా ఓవర్లే వేసి మామూలు స్టేటస్ నడపండి. రిమోట్‌కి పుష్ అయ్యాయా లేదా అనేది కూడా వాళ్ల విషయంలో చూసుకోవాలి. రికార్డ్ అయినంత మాత్రాన సర్వర్‌కి చేరినట్టు కాదు.

మూడోపొర | శుక్రవారం, ఉదయం 8:02

టీఎంపీఎఫ్‌ఎస్‌కి సైజు లిమిట్ పెట్టుకో తమ్ముడూ. జేజే రాసేవన్నీ ర్యామ్‌లోకే వెళ్తాయి. లిమిట్ నిండితే స్టేటస్ మధ్యలో ఆగుతుంది, దాన్ని "మార్పుల్లేవు" అని లెక్కేయకుండా ఎగ్జిట్ కోడ్ చూసుకో.